పసుపు ధోవతి

కామారెడ్డిలో నర్సింగ్ చదువుతున్న మొదటి ఏడాది అది. మందుల పాఠంలో మేడమ్ మొదట చెప్పిన మాట: "డబ్బా మీద పెద్దగా ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద చిన్న అక్షరాల్లో ఉండేది మందు అసలు పేరు. ముందు దాన్ని చదవండి." పరీక్షలో వస్తుందని రాసుకున్నాను.

ఆ శనివారం బస్సెక్కి ఎల్లారెడ్డిలోని మా ఇంటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఎదుటి గోడనే చూస్తోంది. రెప్ప కూడా కదలడం లేదు.

"మెల్లగ రా బిడ్డా. మీ తాత కూసున్నడు."

తాత పోయి ఆరేళ్లయింది.

"ఏడున్నడు అవ్వా?"

"గోడ పక్కన. పసుపు ధోతి కట్టుకున్నడు. ఏం మాట్లాడడు. నన్నే చూస్తున్నడు."

సున్నం వేసిన గోడ, దాని మీద ఎండ. అంతే. అయినా దానికి వీపు పెట్టి నిలబడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "వారం సంది గిట్లనే. తిన్నదంత కక్కుతున్నది. తాత తీస్కపోనీకె వచ్చిండంటది. మీ బాపు దిష్టి గూడ తీపిచ్చిండు."

నేను అన్నం పెట్టి తీసుకెళ్తే నాయనమ్మ కంచం పక్కకు నెట్టింది. "దీంట్ల పసుపెందుకు కలిపిండ్రు?"

అది ఉత్త తెల్లన్నం.

ఆమె మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెట్టాను. నలభై రెండు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇక రాదేమో అనిపించేంత ఖాళీ. మందుల సంచి తెప్పించాను. కామారెడ్డి డాక్టరు రాసిన గోలీలు ఒక షీటు, ఆయాసమొస్తే నెల కింద ఊళ్లో డాక్టరు రాసినవి ఇంకొకటి. రంగులు వేరు, పేర్లు వేరు. చిన్న అక్షరాలు మాత్రం రెండింటి మీదా ఒకటే: డిగాక్సిన్. గుండె మందును నెల రోజులుగా రెండింతలు మింగుతోంది.

గుండె మందుల పాఠం మాకింకా రాలేదు. మేడమ్‌కు ఫోన్ చేశాను. రెండు షీట్ల సంగతి చెప్పగానే ఆమె అడిగింది: "ఆమెకు అంతా పసుపుగా కనిపిస్తోందా?"

పసుపు మాట నేనింకా ఎత్తనే లేదు.

సాయంత్రానికల్లా కామారెడ్డి ఆసుపత్రిలో చేర్చాం. మందు ఎక్కువై చూపు పసుపెక్కిందని, లేనివి కనిపిస్తున్నాయని చెప్పి డాక్టరు గోలీలు ఆపేశారు. "ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఈ వయసులో ఆ సగానికే రెండు మూడు రోజులు. మిగిలిందాంట్లో సగానికి మళ్లీ అంతే" అని నాకు చెప్పారు.

మూడో రోజు నాయనమ్మ అంది: "ఇయ్యాల తాత జర దూరం కూసున్నడు."

వారానికి ఆమె కంటికి దుప్పటి తెల్లగా కనిపించింది. నాడి కుదుటపడింది. గంజి తాగింది. తాత ఏడని అడిగాను.

"పోయిండు." నన్ను చూసింది. "గోలీలు నువ్వే బందు వెట్టిపిచ్చినవంట గద?"

"ఔ అవ్వా."

"నిన్ననే నోరు తెరిసిండు బిడ్డా. ఏందో చెప్పవోయిండు."

కొంగుతో మొహం కప్పుకుని అటు తిరిగి పడుకుంది. నేను మంచం పక్కనే కూర్చున్నాను.