అండి అంటే గుడ్డు కాదు

2022 వానాకాలం. అప్పటికి చాలా ఏళ్లుగా రాంగోపాల్‌పేట్‌లో ఒక హోమ్ కేర్ ఏజెన్సీలో కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఇంట్లో మనిషిని కనిపెట్టుకుని ఉండే జీతపు అటెండెంట్లను వెతికి పంపడం నా పని. మంచాన పడ్డ ముసలివాళ్లకు మనుషులు దొరుకుతారు. ఆపరేషన్ అయినవాళ్లకూ దొరుకుతారు. పుట్టుకతో మేధో వైకల్యం ఉండి, పెరిగి పెద్దవాళ్లయిన వాళ్లకు దొరకడమే గగనం. ఫోన్‌లో వయసు చెప్పగానే అవతలివాడికి ఊళ్లో అర్జెంటు పని గుర్తొస్తుంది.

మేరీ రత్నం టీచర్ బన్సీలాల్‌పేట్ నుంచి ఆటోలో వచ్చారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. రైల్వేలో పనిచేసిన భర్త పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఆవిడ, ముప్పై ఎనిమిదేళ్ల కొడుకు ప్రభాకర్. అతను నాలుగైదు మాటలకు మించి మాట్లాడడు.

"నాకు కడుపులో గడ్డండీ. వెంటనే తీసెయ్యాలంటున్నారు. మా వాడి దగ్గర ఎవరో ఒకరు కుదిరితేనే నేను ఆస్పత్రిలో చేరతాను," అన్నారు.

"మీ వాళ్లెవరూ లేరా అమ్మా?"

"తమ్ముడున్నాడండీ. ఇలాంటివాళ్లని ఉంచే హోమ్‌లో పడేయమంటాడు. ఒకసారి చేర్పించాం. ముద్ద ముట్టలేదు, చిక్కి సగమైతే తీసుకొచ్చేశాం. మళ్లీ పంపితే నాకు దక్కడండీ."

మా దగ్గర ట్రయల్ అని ఒక పద్ధతి ఉంది. మొదటి రోజుల్లో అటెండెంటూ, అతను చూసుకోవాల్సిన మనిషీ ఇద్దరే గదిలో ఉండాలి. అమ్మ ఎదురుగా ఉంటే కొత్త మనిషి మొహం కూడా చూడరని మా అనుభవం. అందుకని టీచర్ వంటింట్లో తలుపేసుకుని కూర్చునేవారు.

మొదటివాడు సాయంత్రానికే పారిపోయి వచ్చాడు. "నాతోని కాదు మేడమ్. 'దా, కూసో' అంటే చాలు, అండి అండి అని ఒర్లుతడు. మీదికొస్తడు," అన్నాడు. టీచర్‌ని అడిగితే, "అది వాడి ఊతపదమండీ," అన్నారు. రెండోవాణ్ణి పంపాను. వాడూ నిలవలేదు. కాకపోతే పోతూ పోతూ మూడోవాడికి హ్యాండోవర్ ఇచ్చాడు. అంటే ఈయనకు ఏది పడుతుంది, ఏది పడదని దిగిపోయేవాడు ఎక్కేవాడికి చెప్పడమన్నమాట. వాడు చెప్పింది ఒకటే ముక్క: "ఆయనకి అండా కావాలె. అండా అండా అని లొల్లి పెడ్తడు."

ఆ మూడోవాడు యాదగిరి. మెదక్ వైపు మనిషి, మనసు వెన్న. ఈ ఊళ్లో తిరిగినవాడికి అండా అంటే గుడ్డే కదా! వెళ్లిన రోజే ఉడకబెట్టిన గుడ్డు పెట్టాడట. పళ్లెం ఎగిరిపడింది. ఆమ్లెట్ వేశాడు. అదీ అంతే. పొరటు చేశాడు.

"మేడమ్, ఎట్ల చేసినా తింటలేడు. ఇంక ఏం తీర్ల గుడ్డు చెయ్యాలె నేను?" అని ఫోన్ చేశాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. వీడూ వెళ్లిపోతే పంపడానికి నా దగ్గర ఇంకెవరూ లేరు. ఆపరేషన్ రోజు ముంచుకొస్తోంది. స్కూటీ తీసుకుని బయల్దేరాను.

నేను వెళ్లేసరికి ప్రభాకర్ గోడకు ఆనుకుని, పిడికిళ్లు బిగించి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చెంపల దగ్గర నెరిసిన జుట్టు. "దా రా బాబూ, కూసో," అని యాదగిరి ముద్దుగానే బతిమాలుతున్నాడు.

"అండి!" అని ఇల్లదిరేలా అరిచాడు ప్రభాకర్.

ఆ అరుపుకి టీచర్ పొట్ట పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేశారు. ఆవిడ ఎక్కడ పడిపోతారోనని నేను గట్టిగా, "నిలబడకండి! ముందు కూర్చోండి!" అన్నాను.

టీచర్ కూర్చోలేదు. ప్రభాకర్ కూర్చున్నాడు.

గ్లాసు అందించి, "ప్రభాకర్ గారూ, మంచినీళ్లు తాగండి," అన్నాను. గటగటా తాగేశాడు.

"ఓరి దేవుడా! గుడ్డు గాదా?" అన్నాడు యాదగిరి.

టీచర్ ఏడుస్తూ చెప్పారు. "చిన్నప్పుడు మనమేమంటే అదే అనేవాడండీ. 'తిను' అంటే ఇంటికొచ్చినవాళ్లనీ 'తిను' అనేవాడు. జనం నవ్వేవారు. అందుకని వాళ్ల నాన్నగారు వాడితో అండి లేకుండా ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు." ఇంట్లో ఎప్పుడూ వినపడే మాట కావడంతో ఆవిడ చెవికి అది ప్రత్యేకంగా ఆనలేదు. వచ్చినవాళ్లు వదిలేసిన మాటను అతను అందిస్తున్నాడు, అంతే. దాన్ని మేం జబ్బులో భాగం అనుకున్నాం.

"మా దిక్కు గిట్ల అనం మేడమ్. నోరు తిరుగుతలేదు," అన్నాడు యాదగిరి.

"తిప్పు!" అన్నాను.

తిప్పాడు పాపం. ఎక్కడ పడితే అక్కడ తగిలించేవాడు. "చాయ్ అండి. తానం అండి. లుంగీ అండి." ప్రభాకర్‌కి అదే చాలు. టీచర్ డాక్టర్లు చెప్పిన రోజుకే ఆస్పత్రిలో చేరారు. నయమై ఇంటికొచ్చాక కూడా యాదగిరిని మానిపించలేదు.

అప్పట్నుంచి ఇలాంటి ఇంటికి ఎవరిని పంపినా ముందు, "ఆయన్ని ఏమని పిలుస్తవ్?" అని అడుగుతాను. ఆ కేసు నాకు నేర్పింది ఇదేనని చాలాకాలం అనుకున్నాను. అది సగమేనని కిందటేడు తెలిసింది.

గడ్డ తిరగబెట్టింది. టీచర్ పోయారు. నేను వెళ్లేసరికి ముందు గదిలో పడుకోబెట్టారు. గుమ్మం దగ్గర ఆవిడ తమ్ముడు, "వాడికి చెప్పకండి. అమ్మ ఆస్పత్రికెళ్లిందని చెప్పి వెనక గదిలో ఉంచండి," అంటున్నారు. ఆ మాట పూర్తి కాకముందే ప్రభాకర్ వచ్చేశాడు. తల్లి పక్కన వంగి, "అమ్మా, లేవండి," అన్నాడు. "లేవండి" అని మళ్లీ అన్నాడు.

యాదగిరి దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మ సచ్చిపోయిందండి. ఇగ లేవదండి."

నా దుఃఖం ఆగలేదు. వయసొచ్చిన కొడుక్కి చెప్పాల్సిన మాట ఆ ఇంట్లో చెప్పినవాడు అతనొక్కడే. అండి అనడమంటే నిజం దాచకపోవడం కూడానని అప్పుడు తెలుసుకున్నాను. ప్రభాకర్ తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆవిడను తీసుకెళ్లేదాకా కదల్లేదు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక మళ్లీ హోమ్ మాట మొదలైంది. యాదగిరి జీతానికి లోటు లేదు. తండ్రి పెన్షన్ ప్రభాకర్‌కి వస్తుంది. అయినా ఎవరి సలహా వాళ్లదే. నాకు ఒళ్లు మండింది. "ఆయన ఎదురుగానే ఉన్నారు కదా, ఆయన్నే అడగండి!" అన్నాను.

మేనమామ ప్రభాకర్ వైపు తిరిగారు. "మీరెక్కడుంటారండీ?" అన్నారు.

ప్రభాకర్ లేచి వెళ్లి తల్లి కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఇక్కడండి."