కూసొని చూసినవా అని అడిగే ఉస్తాద్

ఉస్తాద్ పోయిన సంగతి నాకు బస్సు డ్రైవర్ చెప్పాడు. నల్లగొండలో నేనుండే వీధి మూలమీద బస్సు ఆగదు. ఇన్నేళ్లలో ఆ డ్రైవర్ అక్కడ ఒక్కసారి కూడా బ్రేకు వేసినట్టు నాకు గుర్తు లేదు. మొన్న ఆపాడు. ఇంజను నడుస్తుండగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఉస్తాద్ పోయిండు సార్. నిన్న నాలుగింటికి. ఇయ్యాల పొద్దుమీకి తీస్తరట. పన్నెండింటి దేవరకొండ బండి నాదే, వస్తరా?" అన్నాడు. వస్తానన్నాను. ఎందుకు ఆపావని లోపల ఎవరో గొణిగారు. ఆయన గేరు మార్చి వెళ్లిపోయాడు.

ఉస్తాద్ అంటే దేవరకొండలో కార్లు, జీపులు, లారీలు బాగుచేసే మనిషి. ఊరు దాటగానే నల్లగొండ దారిమీద ఆయన రేకుల షెడ్డు. దానికి బోర్డు లేదు. పన్నెండేళ్ల కింద ఒక దినపత్రికకు విలేకరిగా ఆ ఊరికి వెళ్లినప్పుడు నాకు ఆ షెడ్డు పక్కనే గది కిరాయికి దొరికింది. ఆయన పుట్టింది దేవరకొండలోనే. పని నేర్చుకున్నది మాత్రం హైదరాబాదులో, ఒక నవాబుగారి మోటారుఖానాలో. అక్కడున్నవన్నీ ఇంగ్లండు కార్లు. పోలీసు చర్య తర్వాత ఆ కార్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆయన పనిముట్ల పెట్టె తీసుకొని సొంతూరికి తిరిగొచ్చాడు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ బండి వచ్చినా ముందు బానెటు ఎత్తడు. చెప్పులు కిందనే విడిచి, డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. ఉత్త కాళ్లు పెడళ్ల మీద పెట్టి, ఇంజను నడిపించి, కళ్లు మూసుకుంటాడు. యజమాని పక్క సీట్లో కూర్చోవాలి, మాట్లాడకూడదు. ఇనుములోని లోపం చెవికంటే ముందు అరికాలికి తెలుస్తుందని ఆయన లెక్క. ఒకసారి తహసీల్దారు తన జీపు రోగం వర్ణించబోతే, "సార్, జర మీరు ఆగుండ్రి. బండి మాట్లాడుతాంది" అన్నాడు. తహసీల్దారు ఆగాడు. ఆ సంగతి ఆయనే తర్వాత కచేరీలో నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఉస్తాద్‌కు ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లండు నుంచి వచ్చే ఒక మోటారు పత్రిక అంటే ఇష్టం. హైదరాబాదులో స్పేరుపార్టుల దుకాణాయన పాత సంచికలు సామానుతోపాటు పంపేవాడు. ఉస్తాద్ బొమ్మలు చూసేవాడు. నేను వచ్చాక చదివి తెలుగులో చెప్పడం నా పనైంది. అందులో ఒక విమర్శకుడు ప్రతి సంచికలో ఒక కారును నడిపి మంచిచెడ్డలు రాసేవాడు. మేమిద్దరం ఆయన్ను ఇంగ్లీషాయన అనేవాళ్లం. వీధి చివర ఉండే మనిషి గురించి అడిగినట్టు, ఈసారి ఇంగ్లీషాయన ఏమంటున్నడు అని ఉస్తాద్ అడిగేవాడు.

ఒక సంచికలో ఇంగ్లీషాయన అమెరికా వాళ్ల స్పోర్ట్స్ కార్ల మీద రాశాడు. నాలుగు పేజీలూ ఎగతాళే. కప్పు తీసేసినంత మాత్రాన స్పోర్ట్స్ కారు కాదని, అట్లాగైతే గడ్డిబండికి ఆ పేరు ఎప్పుడో దక్కాల్సిందని అన్నాడు. ముందుభాగాన పళ్లలా మెరిసే జాలీకి పెట్టిన శ్రద్ధ చక్రాలకు పెట్టలేదన్నాడు. తిన్నగా ఉన్న రోడ్డు మీద అది మహారాజని, మలుపు కనబడితే మాత్రం లోపల ఉన్నవాళ్లు దేవుడికి మొక్కుకోవాలని అన్నాడు. చదువుతూ నేను నవ్వాను. ఉస్తాద్ కూడా నవ్వాడు. "ఉరుకుడు అందరికొస్తది. మలుగుడు రావాలె" అన్నాడు. అప్పటికి అమెరికా స్పోర్ట్స్ కారును ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. చివరి పేరా చదవకుండానే పత్రిక మూశాను. అందులో నవ్వొచ్చేది ఏమీ ఉన్నట్టు కనబడలేదు.

ఆ వానాకాలంలోనే ఆ పక్క ఊరి దొర హైదరాబాదులో ఎవరి దగ్గరో అటువంటి కారే కొన్నాడు. తెల్లది, కప్పులేనిది, రెండు సీట్లది. దారిపొంట జనం చూసింది అది ఎగజిమ్మిన బురదనే. కొని పది రోజులు తిరక్కముందే వాననీళ్లు పారే మోరీ దగ్గర మలుపులో రోడ్డు దిగి ఆముదం చేలో పడింది. దొర మోచేయి గీరుకుపోయింది. ఖాకీ అంగీ వేసుకున్న డ్రైవరు తలకు నాలుగు కుట్లు పడ్డాయి. చేను గట్టుమీద గొర్లు కాస్తున్న ముసలాయన ఒక్కడే చూసిన సాక్షి. నేను వెళ్లి ఆయన్ను అడిగాను. కుడిదిక్కు సీట్లో ఖాకీ అంగీ ఆయన, ఎడమదిక్కు దొర అని చెప్పాడు. పోలీసు జమేదారుకూ అదే చెప్పాడు. కారు అప్పటికి ఆముదం చెట్ల నడుమ ఒక పక్కకు ఒరిగి ఉంది. బురద. నేను గట్టు దిగలేదు.

వార్త నాలుగు లైన్లు రాశాను. డ్రైవరు అతివేగంగా, నిర్లక్ష్యంగా నడపడంవల్ల ప్రమాదం జరిగిందన్నాను. ఆ రెండు మాటలకూ నా దగ్గర ఆధారం లేదు. అటువంటి వార్తల్లో ఆ రెండు మాటలూ రాయడం అలవాటు, అంతే. పత్రికలో పడ్డ నాలుగో రోజున డ్రైవరును దొర పనిలోంచి తీసేశాడు. లైసెన్సు రద్దు చేయాలని కాగితాలు నల్లగొండకు పోయాయి. వాటితోపాటు నా వార్త కత్తిరింపు కూడా పోయింది.

డ్రైవరు తలకు కట్టుతోనే షెడ్డుకు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. స్టీరింగు పట్టడం తప్ప వేరే పని తెలియదు. లైసెన్సు పోతే ఇంట్లో ఐదుగురు తినడానికి ఏముంటుందో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. దొర జీపు, రెండు లారీలు ఉస్తాద్ దగ్గరికే వచ్చేవి. ఉస్తాద్ మాట దొర ఉండే గడీలో చెల్లుతుందని అందరికీ తెలుసు. ఉస్తాద్ చేతిలోని పానా కింద పెట్టకుండానే తీర్పు చెప్పాడు.

"ఫికర్ జేయకు. తప్పు బండిది. గా అమెరికా బండ్లు మలుగయి. ఇంగ్లీషాయన రాసిండు. నేను దొరకు జెప్పి పంపిస్త."

డ్రైవరు తల కట్టు సర్దుకున్నాడు. "బండి మంచిదే ఉస్తాద్" అన్నాడు.

"మంచిదైతే చేన్ల ఎందుకు పడ్డది?"

డ్రైవరు వెనక్కి తిరిగాడు. వెళ్లిపోయాడు. "దొర ఉప్పు తిన్నడు గదా, బండిని గూడ ఏమననిస్తలేడు" అన్నాడు ఉస్తాద్ నాతో. గడీకి కబురు పంపాడు. దొర సంతోషించాడని, బండి చెడ్డదైతే అమ్మేస్తానన్నాడని తెలిసింది. డ్రైవరు గురించి మాత్రం ఏమీ అనలేదట. కారే లేకపోతే దానికి డ్రైవరు ఎందుకు?

వారం తర్వాత రెండు జతల ఎడ్లు కట్టి కారును షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. పది పదిహేను మంది వెంట వచ్చారు. ఉస్తాద్ చేతులు తుడుచుకొని, చెప్పులు విడిచి, కుడివైపు తలుపు తీసి కూర్చున్నాడు. ఎప్పటిలాగా చేతులు ముందుకు చాచాడు. చేతులకు ఏమీ తగల్లేదు. స్టీరింగు ఎడమవైపు ఉంది. జనం గొల్లుమన్నారు. గొర్ల మంద తోలుకొని పోతూ ఆగిన ఆ ముసలాయన కూడా నవ్వాడు.

ఉస్తాద్ నవ్వలేదు. అలాగే కూర్చొని నన్ను పిలిచాడు.

"పేపరాయనా, నీ సాక్షి ఏమన్నడు? ఖాకీ అంగి ఎటుదిక్కున్నదన్నడు?"

"కుడిదిక్కు."

"నేనేడ కూసున్న?"

కారు చూసినవాళ్లున్నారు, సాక్షి మాట విన్నవాళ్లున్నారు. రెండూ కలిపి చూసినవాళ్లు లేరు. మన దగ్గర కుడివైపు కూర్చున్నవాడే బండి నడిపేవాడు. ముసలాయన చూసింది చూసినట్టే చెప్పాడు. తప్పు విన్నవాళ్లం చేశాం. ఆ రోజు ఆ కారును నడిపింది దొర. డ్రైవరు ఊరికే పక్కన కూర్చున్నాడు.

కారులో లోపం ఉంటే ఉస్తాద్ మాటకైనా ఆధారం మిగిలేది. రెండు రోజులు దాన్ని విప్పి చూశాడు. వంగిన మడ్‌గార్డు తప్ప ఏమీ లేదు. బ్రేకులు పట్టాయి. స్టీరింగు బిగువుగా ఉంది. నన్ను కుడివైపు కూర్చోబెట్టుకొని మోరీ దాకా నడిపాడు. మలుపులో వేగం తగ్గించలేదు. కారు రోడ్డును అంటిపెట్టుకొని తిరిగింది. "మలిగింది" అన్నాడు.

మర్నాడు గడీకి వెళ్లాం. నన్నెందుకు తీసుకెళ్లాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. దొర అరుగుమీద కూర్చొని ఉన్నాడు. ఉస్తాద్ నిలబడే చెప్పాడు.

"దొరా, నేను కూసోకముందే మాటజెప్పిన. అది తప్పు. బండి మంచిది."

"అంటే?"

"అంటే, తప్పు ఎడమదిక్కు కూసున్నోల్లది."

దొర పత్రికవాడినైన నావైపు చూశాడు, తర్వాత ఆయనవైపు. "గీ ముచ్చట ఇంకెవలకన్న జెప్పినవా?" అన్నాడు.

"నేను జెప్పేదేమున్నది దొరా. బండి షెడ్డుల ఉన్నది. వచ్చినోల్లు సూస్తాండ్రు. స్టీరింగ్ ఎటుదిక్కున్నదో దాచేటట్టు లేదు."

అంతకుమించి మాటలు జరగలేదు. నల్లగొండకు పోయిన కాగితాలు పదిహేను రోజుల్లో వెనక్కి వచ్చాయి. ఎవరు తెప్పించారో ఎవరూ అడగలేదు. నేను రెండు లైన్ల సవరణ రాశాను. కారుకు స్టీరింగు ఎడమవైపు ఉన్నదని, డ్రైవరు కుడివైపు కూర్చున్నాడని. అందులో అతివేగం, నిర్లక్ష్యం లేవు. లోపలి పేజీలో అడుగున వేశారు. దొర మీద ఏ కేసూ కాలేదు. ఆయన జీపు, లారీలు మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు. డ్రైవరును తిరిగి రమ్మన్నారు గానీ ఆయన వెళ్లలేదు. బస్సు నడిపే ఉద్యోగంలో చేరాడు. మొన్న నా వీధి మూలమీద బ్రేకు వేసింది ఆయనే.

గడీ నుంచి వచ్చిన సాయంత్రం ఉస్తాద్ పాత పత్రిక వెతికి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఇంగ్లీషాయన గా బండ్ల కూసున్నడా?" అని అడిగాడు. నేను చదవకుండా మూసిన చివరి పేరా చదివాను. కారును ఒక ప్రదర్శనలో వేదికమీద నిలబెట్టి ఉండగా పావుగంట చూశానని, నడపడానికి ఇవ్వలేదని ఆయన ఒప్పుకున్నాడు. ఉస్తాద్ పత్రిక తీసుకొని మూశాడు. తర్వాత, "ఆయన సూసి రాసిండు. నువ్వు ఇని రాసినవు. నేను గదీ జేయలే. ఉత్త నోటితోని నడిపిన" అన్నాడు.

అప్పటినుంచి ఆయనకు ఆ ప్రశ్న అలవాటైంది. నేను ఏ వార్త చెప్పినా, "కూసొని చూసినవా?" అనేవాడు. ఒక ఊళ్లో చేదబావి పూడిక తీశారని రాయబోతుంటే అదే అడిగాడు. సైకిలు మీద తొమ్మిది మైళ్లు వెళ్లి, బావి గట్టుమీద కూర్చొని చూశాను. అడుగున మట్టి అలాగే ఉంది. వార్త వేరేగా రాశాను. నల్లగొండకు మారిపోయాక కూడా రాసిన కాగితం పంపేముందు ఆ ప్రశ్న ఒకసారి అడుక్కోవడం మానలేదు. నాకు పని నేర్పినవాళ్లు పత్రికలో ముగ్గురున్నారు. నాలుగో మనిషి ఈయన.

రెండేళ్ల తర్వాత ఇంగ్లీషాయన అటువంటి కారునే నిజంగా నడిపాడు. బరువని, కూర్చునే తీరు బాగోలేదని, పైమెరుగు ఎక్కువని మళ్లీ వంకలు పెట్టాడు. కానీ మలుపుల దగ్గర తాను లోగడ రాసింది తప్పని ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు ఉస్తాద్. "ఇగో, కూసున్నడు" అన్నాడు. మనకు తెలిసిన పిల్లవాడు పరీక్ష పాసైతే ఎలా అంటామో అలా.

మొన్న పన్నెండింటి బస్సులో వెళ్లాను. మోరీ దగ్గర డ్రైవరు వేగం తగ్గించాడు. చేలో ఈసారి కూడా ఆముదమే ఉంది. షెడ్డు ముందు బస్సు ఆపి, ఆయన కూడా దిగాడు. ఐదు నిమిషాలు ఆగుతుందని కండక్టరు లోపలివాళ్లకు చెప్పాడు. ఎవరూ గొణగలేదు.

ఎలా జరిగిందో ఉస్తాద్ ఇంటావిడ చెప్పింది. ఆమెను నేను అక్కా అంటాను. మల్లేపల్లి నుంచి ఒక కిరాణా వర్తకుడు పాత కారు తెచ్చాడట. ఉస్తాద్ ఎప్పటిలాగే కూర్చున్నాడు, ఇంజను నడిపించాడు, మాట్లాడొద్దని ఆయనకు చెప్పి కళ్లు మూసుకున్నాడు. "గా షావుకారి మంచోడు బిడ్డా. ఉస్తాద్ వద్దన్నడని పది నిమిషాలు కిక్కురుమనకుంట కూసున్నడట. ఇంజన్ నడుస్తనే ఉన్నది" అన్నదామె.

కారు షెడ్డులోనే ఉంది. ఇంజను ఎవరో ఆపేశారు. కుడివైపు తలుపు తెరిచే ఉంది. దాని కింద, పక్కపక్కనే, బయటివైపు తిప్పి విడిచిన ఆయన చెప్పులున్నాయి.