శ్రీమతులందరికీ నా పేరే

ఒకే ఉదయం, పావుగంటలో, ముగ్గురు పరాయి ఇల్లాళ్లకు నేను మొగుడినైపోయిన వైనం చెబుతాను. నా డైరీలన్నిటిలో అడ్డంగా గీత కొట్టిన పేజీ అదొక్కటే.

అప్పటికి నేను అరవై నాలుగేళ్ల కుర్రవాణ్ణి. రిటైరై ఊరుకోలేక, చందాపురలో మా లేఅవుట్ సంఘం హాల్లో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ఎదురింటి స్వాతి మా టీచరు.

"వేరియబుల్ అంటే డబ్బా అంకుల్. కొత్తది వేస్తే పాతది పోతుంది."

"నా డైరీలో ఏదీ పోదమ్మా," అన్నాను గర్వంగా.

సంఘం వార్షికోత్సవానికి ఓ ప్రోగ్రామ్ రాశాను. గుమ్మంలో ఆడవాళ్లు తమ పేరు, భర్త పేరు చెబితే నేను టైపు చేస్తాను. 'ఫలానా గారి శ్రీమతి ఫలానా గారికి స్వాగతం' అని వేదిక మీది తెరపై పడుతుంది. లోపల నాకో దురాశ. నలభై ఏళ్లుగా మా ఆవిడ లక్ష్మి నా పేరు పలికిన పాపాన పోలేదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినా పక్కింటావిడతో చెప్పించింది. కంప్యూటర్ అడిగితే ఎక్కడికి పోతుంది!

ఇంట్లో పరీక్షించేటప్పుడు ప్రతిసారీ భర్త పేరు కొట్టడం విసుగై, ఆ ప్రశ్న కింది వరుసలో భర్త = "నాగభూషణం" అని రాసి ఉంచాను. తర్వాత తీసేయడం మరిచాను. అంటే ఎవరు ఏ పేరు చెప్పినా, మరుక్షణం అది పోయి డబ్బాలో నేను కూర్చుంటాను.

మొదట అధ్యక్షుడు వీరభద్రప్ప భార్య సరోజమ్మ వచ్చింది. కోడి గింజలు ఏరినట్టు ఒక్క వేలితో టైపు చేస్తూ నేను తల ఎత్తలేదు. హాల్లో నవ్వులు. నా ప్రతిభకే అనుకున్నాను. తర్వాత రత్నమ్మ, గీత. నవ్వులు పెరిగాయి.

"ఏమప్పా నాగభూషణం!" వీరభద్రప్ప కేక. "నా పెండ్లాము నీకెప్పుడు పెండ్లామైందప్పా? తెర మీద అట్లే ఉండాది చూడు!"

"కంప్యూటర్ పొరపాటప్పా..."

"కంప్యూటరుకు నీ పేరు ఎవురు చెప్పిరి? మేము చెప్పితిమా?"

తల తిప్పితే ఎదురుగా మా ఆవిడ, చేతిలో పూలపళ్లెం. ఆ కంగారులోనూ నా దురాశ చావలేదు. "మీవారి పేరు?" అన్నాను.

"ఇంకా అడిగేదేముండాది? ఊరందరి మొగుడూ ఆయనే కదా!"

"పేరు చెప్పకుంటే ముందుకు పోదు లక్ష్మీ."

పళ్లెం బల్ల మీద పెట్టి, మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపించేలా అంది:

"నాగభూషణం! లేచి ఇంటికి నడువు!"

నలభై ఏళ్ల కోరిక తీరింది. 'గారు' అడిగే సమయం కాదది. లేస్తూ లేస్తూ ఆ పేరే కొట్టి ఎంటర్ నొక్కాను. ఆ రోజు తెర మీద నిజం పడింది ఆ ఒక్కసారే.

డైరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ పరీక్షకూ నా పేరు వాడను. శ్రీకృష్ణుడి పేరు వాడతాను. ఎంతమంది శ్రీమతులు వచ్చి చేరినా ఆయన ఇంట్లో అలవాటే.