బ్యాటరీలకు బొట్లు

చింతామణిలో పాత సామాన్లమ్మే గుజరీ అంగడికి వెళ్లి, పాడైన లాప్‌టాప్ బ్యాటరీలు తూకానికి కొనేవాణ్ణి. ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ పెంకు పగలగొడితే లోపల బొటనవేలంత సెల్లులు ఉంటాయి. ఒక్కొక్కదానికి చార్జి పెట్టి, వారం పక్కన ఉంచి, చార్జి దిగిపోని వాటినే ఏరేవాణ్ణి. సగానికి పైగా చెత్తకే పోయేవి. అట్లా నలభై పోగయ్యేసరికి నా నడుం పడిపోయింది. వాటిని ఒక చెక్కపెట్టెలో నిలబెట్టి, కరెంటు పోయినా మేం పట్టుపురుగులు పెంచే ఇంట్లో లైట్లు వెలిగేట్టు చేశాను. పెట్టెకు మూత చేయడానికి మాత్రం ఓపిక లేకపోయింది.

ఆయుధపూజనాడు పనిబడి బాగేపల్లికి వెళ్లాను. మా అమ్మ ట్రాక్టరుకూ కొడవళ్లకూ పూజ చేసి, ఆ పెట్టెనూ వదల్లేదు. తడి పసుపూ కుంకుమా తీసుకుని చెయ్యి అందిన ప్రతి సెల్లు నెత్తినా బొట్టు పెట్టింది. నాలుగోనాడు కరెంటు పోతే లైట్లు వెలగలేదు. వెళ్లి చూస్తే, ఆ తడికి కొనలు చిలుము పట్టి సెల్లులు చచ్చిపోయి ఉన్నాయి. బతికినవి నాలుగే, గోడవారన వైర్ల వెనక ఆమె చెయ్యి అందనివి.

"ఏమైందప్పా?" అంది అమ్మ వాకిలి దగ్గర నిలబడి.

అరుద్దామని నోరు తెరిచాను. అరిచే ఓపిక కూడా మిగల్లేదు.

"పాతవి కదమ్మా, పోయినాయి" అన్నాను.

"పోతే పోనీలేప్పా. ఆ అంగట్లో కుప్పలో పడుండేవి, మనింట్లో పూజ చేయించుకొనే పోయినాయి కదా" అంది.