మంచినీటితో కడిగించడమైనది

ఈ ఉదయం ఆఫీసు కిటికీలోంచి నల్లరంగు వాసన వచ్చింది. వరద సహాయక బోట్లను మోసే ట్రైలర్లకు యార్డులో రంగు వేస్తున్నారు. వచ్చే వారం తనిఖీ ఉంది. తనిఖీకి ముందు ఇనుమంతా నిగనిగలాడేలా రంగు పూయడం మా శాఖలో పెళ్ళికి ముందు ఇంటికి సున్నం వేయడం లాంటిది. ఆ వాసన తగిలితే నాకు దేవదానం గారు గుర్తొస్తారు. "రంగేత్తే తుప్పు కనపడదండీ, అంతే. లోపల దాని పని అది చేసుకుంటానే ఉంటాది" అనేవారాయన. మా యార్డులో ట్రాక్టరు డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. రాజోలు దగ్గరున్న ఈ యార్డుకు నేను మొదటిసారి ఇన్‌చార్జిగా వచ్చేటప్పటికి ఆయన రిటైర్మెంటుకు మూడేళ్ళుంది. హోదాలో నేను పైదాన్ని. పని నేర్పింది మాత్రం ఆయనే.

చేరిన వారంలోనే నన్ను ట్రైలరు కిందికి రమ్మన్నారు. ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని వెళ్ళాను. ఆయన ఒక గోనె సంచి పరిచి, "పడుకుని చూడండమ్మా, కూచుంటే కనపడదు" అన్నారు. ఇరుసు మీద, చక్రం పక్కన, ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలుంటాయి. కమాను కట్ట అంటారు. బోటు బరువు, గుంతల దెబ్బలు అన్నీ దానిమీదే. మెకానికల్ డిప్లొమాలో నేను దాని బొమ్మ గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆయన అరిగిపోయిన రంపపు బ్లేడు ఒకటి తీసి రెండు పట్టీల సందులో దూర్చి లాగారు. బ్లేడుకు గోధుమరంగు ముద్ద అంటుకుని వచ్చింది.

"ఇదేంటండీ?" అన్నాను.

"అంతర్వేదండీ" అన్నారు నవ్వకుండా. "మొన్న బోటు సముద్రంలోకి దించడానికెళ్ళేం కదా, మనతోపాటు వచ్చేసింది. పైన పడ్డ ఉప్పు వానొస్తే పోద్దండీ. సందులో కూచున్నదే ఇల్లు కట్టుకుంటాది."

ఆయన పద్ధతి వినడానికి సులువే, చేయడానికి ఓపిక కావాలి. సముద్రం నుంచి తిరిగి వచ్చిన రోజే జాకీ పెట్టి బండిని లేపాలి. చక్రాలు వేలాడితే పట్టీలు కొంచెం విడతాయి. ఆ సందుల్లోకి మంచినీళ్ళు, తేరేదాకా, కొట్టాలి. ఎండలో ఆరనివ్వాలి. తరవాత పల్చటి ఆయిల్‌ను సన్న బ్రష్‌తో లోపలికి పట్టించి, కమాను పిన్నులకు పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి. చివరికి బోల్టులన్నీ బిగించి చూడాలి. ఇందులో ఏ ఒక్కటి మానేసినా ఆయన కనిపెట్టేవారు. గొంతు పెంచేవారు కాదు. "ఆయ్, మళ్ళీ చేద్దామండీ" అనేవారు, అదే తిట్టు.

ఒకసారి అంతర్వేదిలో మా పెద్దాఫీసరు ముందు ఇంకో మొండిపని చేశారు. ఎండలో అంత దూరం లాక్కొచ్చిన ట్రైలర్‌ను నీళ్ళలోకి దించకుండా, చక్రం మధ్యనుండే హబ్బు మీద చెయ్యి వేసి చూసి, తాపీగా టీ కొట్టుకు బయలుదేరారు. ఆఫీసరు గడియారం చూపించి కేకలేశారు. "హబ్బు సెగమీదుందండీ. ఇప్పుడు దించితే చల్లబడతా నీళ్ళు లోపలికి పీల్చేత్తాదండి. బేరింగులు పోతాయి. తవరు కూడా ఓ టీ పుచ్చుకోండి" అన్నారు. ఆఫీసరు పుచ్చుకున్నారు. అంత మర్యాదగా ఒకరిని ఆపవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

కడగడానికి మాకు ఎప్పుడూ పంట కాలువే. తిరిగి వచ్చే దారిలో ఒక రేవు దగ్గర ట్రైలర్‌ను ఇరుసు మునిగేదాకా వెనక్కి దించి నానబెట్టేవాళ్ళం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి అప్పుడు యార్డులో బోరు మోటారు వాడుకోవాలి. మూడో ఏడు వేసవిలో దేవదానం గారు కంటి ఆపరేషనుకు సెలవు పెట్టారు. అదే సమయానికి మోటారు కాలిపోయింది. ఆ సెలవుల్లోనే అంతర్వేదిలో నాలుగుసార్లు శిక్షణ జరిగింది. మొదటిరోజు తిరిగి వస్తుంటే, ఆయన బదులు మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన డ్రైవరు "ఎక్కడ కడగమంటారండీ?" అని అడిగాడు. ఏటిగట్టు పక్కనే వశిష్ఠ పాయ నిండుగా ఉంది. "ఎదురుగా గోదావరి పెట్టుకుని అడుగుతారేంటండీ" అన్నాను.

మాది ఎగువన, కె.గంగవరం వైపు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినదాన్ని. గోదావరి ఉప్పగా ఉంటుందనే ఊహ నాకు పుట్టదు. ఎండాకాలంలో పైనుంచి నీళ్ళు రానప్పుడు, పోటుకి సముద్రం ఏట్లోకి మైళ్ళకొద్దీ ఎక్కి వస్తుందని రాజోలులో చంటిపిల్లకైనా తెలుసు. నాకు తెలియదు. నాలుగుసార్లూ దగ్గరుండి, సందు సందూ కడిగించాను. కడిగాక రిజిస్టరులో "మంచినీటితో కడిగించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. గుండ్రంగా, అందంగా.

కంటికి నల్లద్దాలతో ఆయన జూన్‌లో తిరిగి వచ్చారు. రిజిస్టరు చూపించాను. ఆయన మెచ్చుకోవాలని నా ఆశ, ఎందుకు దాచాలి. "ఆయ్, బాగా చేయించేరండీ" అన్నారు. పిన్నులకు గ్రీజు ఎక్కించుకున్నారు. అంతే.

ఆగస్టులో వరద వచ్చింది. ఏటి మధ్య ఒక లంకలో కొన్ని కుటుంబాలు చిక్కుకున్నాయని పొద్దున్నే కబురు వస్తే, బోటు కట్టుకుని బయలుదేరాం. ఏటిగట్టు మీద, రేవు ఇంకా రెండు మైళ్ళుందనగా, కింద ఫట్‌మని శబ్దం వచ్చి ట్రైలరు ఒక పక్కకు ఒరిగిపోయింది. కమాను కట్టలో పెద్ద పట్టీ విరిగింది. వేరే బండి వచ్చి బోటును నీళ్ళలో వేసేటప్పటికి మూడు గంటలు పట్టింది. ఈలోగా పక్క ఊరి జాలర్లు తమ నావలతో మనుషులందరినీ ఒడ్డు చేర్చారు. గేదెలను తాళ్ళతో బోటు వెంట ఈదించి తేవాల్సింది మేము. మూడు గేదెలు కొట్టుకుపోయాయి. ఆ మూడూ ఒకావిడవే. గట్టు మీద కూచుని, "గంట ముందు దాకా కనపడతానే ఉన్నాయండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నాకూ చెప్పింది.

నేను ట్రైలరు దగ్గరికి తిరిగి వచ్చేటప్పటికి దేవదానం గారు విరిగిన ముక్కను చేతిలో తిప్పి చూస్తున్నారు. విరిగిన చోట సగం తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం పాత తుప్పు.

"వేసవిలో ఎక్కడ కడిగేరండీ?" అని మెల్లగా అడిగారు. చెప్పాను. "ఆ నీళ్ళు నోట్లో ఏసుకుని చూసేరా అండీ?"

"లేదండీ" అన్నాను.

అప్పుడే పెద్దాఫీసరు జీపు దిగి, ఈ బండి ఎవరు చూస్తారని అడిగారు. "నేనేనండీ" అన్నారు దేవదానం గారు. డిసెంబరులో ఆయన రిటైర్మెంటు. విచారణ పడితే పింఛను ఆగిపోతుంది. అవన్నీ తెలిసి కూడా నిలబడి చూస్తూ ఊరుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటారు కానీ, చావలేదు, జీపెక్కి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే ఆ రిజిస్టరు పట్టుకుని పెద్దాఫీసరు గదికి వెళ్ళాను. దేవదానం గారిని అప్పటికే పిలిపించి నిలబెట్టారు. ఆ నాలుగు రాతలూ చూపించి, అవి ఉప్పునీళ్ళనీ, తెలియక కడిగించింది నేననీ చెప్పాను. ఆఫీసరు ఆయనవైపు తిరిగి, "మరి నువ్వు నేనేనని ఎందుకన్నావయ్యా?" అన్నారు.

"నేనేనండీ" అన్నారాయన మళ్ళీ. "ఎవరు కడిగినా బ్లేడు పెట్టి చూత్తానండి. మా తమ్ముడు కడిగినా చూత్తాను. అమ్మగారు సంతకం పెట్టేరు కదా, మళ్ళీ చూత్తే బాగోదని ఊరుకున్నానండి."

నాకు ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆయనను హెచ్చరించి వదిలేశారు, డిసెంబరులో పింఛనుతోనే ఇంటికి వెళ్ళారు. మా ఇద్దరికీ తక్కువలోనే పోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆఫీసరును ఆపగలిగిన మనిషి నన్ను ఆపలేదు. నేను బాగా నేర్చుకున్నానని నమ్మి, నా మీద గౌరవం కొద్దీ ఆపలేదు. ఆ గౌరవానికి ఖరీదు కట్టింది గట్టు మీద కూచున్న ఆవిడ.

ఇప్పుడు మా దగ్గరున్న మెకానిక్కు నాకన్నా పెద్దవాడు, నెమ్మదస్తుడు. మొన్న ఒక ట్రైలరు గురించి అడిగితే, "తవరు చూసి సంతకం పెట్టేసేరు కదండీ" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి, "అందుకేనండీ, ముందు దాన్నే విప్పండి" అన్నాను.