తిట్టకుండా పాడిన బువ్వం పాట

ఒక్క పాటతో ఒక పెళ్ళిని పెటాకుల దాకా తీసుకుపోయిన ఘనురాలిని నేను. గొంతు పోయి కాదు, తాళం తప్పీ కాదు. ఆ పాటలో ఒక్క తిట్టు కూడా లేనందుకు. నవ్వకండి, ముందు వినండి.

మాది ఆదోని దగ్గర పల్లె. పేరు సుంకులమ్మ. పని, బువ్వం పాటలు పాడటం. పెళ్ళయ్యాక రెండు వైపుల వాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని తింటారే, అదే బువ్వం. అప్పుడు ఆడపెళ్ళివారి తరఫున నేను మగపెళ్ళివారిని పేరుపేరునా ఎగతాళి చేస్తూ పాడాలి. వాయిద్యమంటే ఒక ఇత్తడి పళ్ళెం, పక్కన మస్తానన్న డోలక్. ఊరూరా తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని.

పదేళ్ళ కిందట ఎవరో నా పాటను ఫోనులో తీసి నలుగురికీ పంపారు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు, బుద్ధికి మూడేళ్ళు. తల తిరిగిపోయింది. మస్తానన్న అల్లుడు కర్నూలులో పాటలు రికార్డు చేసే గది ఒకటి నడుపుతుండేవాడు.

"ఎంతకాలమని పళ్ళెం కొడతావత్తా? వయొలిన్లు పెడదాం. బాకాలు పెడదాం. యెనకాల యాభై మంది 'ఆ...' అంటే ఎట్లుంటాది?" అన్నాడు.

"యాభై మందికి కూడు ఎవరు పెడతారప్పా?"

"మనుషులు యాడుండారత్తా? అంతా కంప్యూటర్లోనే."

అన్నం అడగని యాభై మంది! అక్కడే పడిపోయాను.

తీరా సంగీతమంతా కట్టాక పిల్లవాడు ఇంకో మెలిక పెట్టాడు. "ఇంత ఘనమైన మ్యూజిక్కు మీద మీసాలు, వంకాయలు అని తిట్లు ఏం బాగుంటాయి? మాటలు గూడా ఘనంగా ఉండాల." సరేనని 'వెన్నెల వంటి వియ్యపురాలా, మల్లెల వంటి మనసుదానా' అని పొగుడుతూ రాసుకున్నాను.

మస్తానన్న గడ్డం గోక్కున్నాడు. "ఇది తేడాగా ఉండాది సుంకులమ్మా."

"నీ డోలక్ పని పోతాదని అట్లంటాండావు," అన్నాను. పాపం, డోలక్‌ను అటకెక్కించేశాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి బేరం మా నరసింహులు మామ కూతురి పెళ్ళి. మగపెళ్ళివారిది జమ్మలమడుగు వైపు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. నేను ఆ పాట రికార్డు చేసిన పెన్‌డ్రైవు పెట్టుకుపోయాను. పిల్లే నయం, జనం ముఖం చూసి పారిపోయేది.

బంతి కూర్చుంది. విస్తళ్ళలో ఓళిగలు పడ్డాయి, అవే బొబ్బట్లు. బాకాలు మోగాయి. పెళ్ళికొడుకు తాత విస్తరి ముందు నుంచి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమాయ తాతా?"

"మంత్రి ఎవరో వస్తాండాడు గదా."

ఆయనను కూర్చోబెట్టేలోగా యాభై మంది 'ఆ...' అందుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి లింగమ్మ వంగి నా నోటిలోకి చూసింది. "నువ్వు నోరు మూసుకోనే ఉండావు, పాడేది ఎవరమ్మా?"

నేను కళ్ళు మూసుకుని వెన్నెలా మల్లెలూ కురిపించాను. ఎవరూ కిక్కురుమనలేదు. కరిగిపోయారనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి లింగమ్మ విస్తరిని ముందుకు తోసేస్తోంది.

"లేయండప్పా. ఈడ మనం తినేది లేదు."

నరసింహులు మామ పరుగున వచ్చాడు. "ఏం తక్కువైందక్కా? ఓళిగల్లో నెయ్యా?"

"తిట్లు తక్కువైనాయి. మా అక్క కొడుకు పెండ్లిలో మా అక్కను కోతి అని పాడిరి. నన్ను మల్లెపువ్వంటారా? పొగిడేది పరాయోళ్ళను. మేము చుట్టాలమనే నమ్మకం మీకుంటే ఒక్క మాటన్నా అనకపోతురా?" లింగమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

పెళ్ళికొడుకు మేనమామ కూడా లేచాడు. "నా మీసం ఊసే లేదు. పొద్దున్నుంచి దువ్వుకోని కూచోనుండా."

పెళ్ళికూతురు తల వంచుకుని ఏడుపు దిగమింగుతోంది. తొలి బంతిలోనే అత్తింటివారు అన్నం ముట్టకుండా లేచిపోతే ఆ పిల్ల రేపు ఏ ముఖంతో ఆ ఇంట కాలు పెడుతుంది? మామ నా ముందు చేతులు జోడించాడు.

"నీకు దండం పెడతా సుంకులమ్మా, వాండ్లను తిట్టు తల్లీ."

పాట ఆపించి, వడ్డించేవాడి చేతిలోని పళ్ళెం లాక్కున్నాను. డోలక్ లేదు కదా, మస్తానన్న నీళ్ళ బిందె బోర్లించి వాయించాడు.

'వియ్యపురాలు లింగమ్మ వంకాయంటే వద్దంది,
వద్దు వద్దంటానే గిన్నెంతా ఊడ్చేసింది.'

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

'మేనమామ మీసాలు మూరెడు పొడుగంట,
పిల్లి మ్యావంటే మంచం కిందికి ఉరుకంట.'

మేనమామ మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే "నన్నను, నన్నను" అంటూ విస్తళ్ళ ముందు చేరారు. గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను. ప్రతి తిట్టుకూ ఒక ఓళిగ లోపలికి పోయింది. పెళ్ళికూతురు తలెత్తి నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది.

వెళ్ళేటప్పుడు లింగమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆ పొగిడే పాట ఉండాదే, అది నాకియ్యి."

నాలో కళాకారిణి మళ్ళీ లేచి కూర్చుంది. "నచ్చిందామ్మా?"

"నచ్చేదేముంది? మా ఎదురింటోళ్ళకూ మాకూ మాటల్లేవు. వచ్చే నెల వాండ్లింట్లో పెండ్లి. మైకు పెట్టించి వినిపిస్తా."

పెన్‌డ్రైవు ఆమె చేతిలో పెట్టి, అహోబిలం నరసింహస్వామి సాక్షిగా అప్పుడే ఒట్టు వేసుకున్నాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ నా అనుకున్నవాళ్ళను ఒక్క మంచి మాట కూడా అనను. ఇంతదాకా చదివారు కనుక మీరూ నాకు చుట్టాలే. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా, ఒక ఆడకూతురి పరువు పోయిన కథకు పళ్ళికిలిస్తూ కూర్చున్నారే, మీకసలు పనీపాటా ఉందా?