ఇస్నాపూర్ గదిలో గెంతిన ఎలుక

2022 వానాకాలం. పెస్ట్ కంట్రోల్ పనిలో నేను తలపండినవాణ్నని పటాన్‌చెరు బెల్టులో అందరికీ తెలుసు. ఇస్నాపూర్‌లో కిరాయి గదులున్న సుబ్బారావు గారు ఫోన్ చేశారు. కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి, రిటైరై ఇక్కడే స్థిరపడిన మనిషి. “ఎలుకలండీ, కాస్త మందు పెట్టి వెళ్ళండి,” అన్నారు.

వెళ్ళి చూస్తే గదుల వరుస, వెనక ఖాళీ ప్లాటు. చివరి గదిలో ఉండే సునీత, పాకే వయసున్న కూతుర్ని చంకనెత్తుకుని బయటే నిలబడింది. లోపలికి అడుగు పెట్టనంటుంది.

“మొన్నటిదాంక గీ బొక్క లేదన్నా. నిన్న గండ్లకెల్లి ఒక ఎలుక ఎల్లి కప్ప లెక్క గెంతింది. ఇయ్యాల పొద్దుగాల పాము తలకాయ వెట్టి సూసి మళ్ల గండ్లకే పోయింది. నా బిడ్డ గా బొక్క దిక్కే పాకుతుండె!”

మూలన నేలకు పరిచిన షాబాద్ బండ పక్కన తాజా మట్టి కనిపించింది. దీన్ని మేము లైవ్ బరో అంటాం, అంటే జంతువు తిరుగుతున్న బొరియ. గెంతే ఎలుక అనగానే నాకు అర్థమైంది. అది ఇంటి ఎలుక కాదు, జెర్బిల్. పొలాల్లో ఉంటుంది. పొడుగాటి వెనక కాళ్ళు, తోక చివర కుచ్చు. ఒక్క బొరియకే నాలుగైదు దారులు పెట్టుకుంటుంది. మరి దానికి ఇంట్లో ఏం పని?

“బయట బొక్కలేమన్న మూసిన్రా సార్?”

“మొన్ననే సిమెంటుతో మూయించానండీ! ఒక్కటి కూడా వదల్లేదు,” అన్నారు సుబ్బారావు గారు గర్వంగా.

నాకు ఒళ్ళు మండింది. “బయటి తొవ్వలన్నీ మూస్తే లోపలున్నది యాడికెల్లి ఎల్లాలె సార్? ఎలుక కోసం పాము ముందుగాలనే లోపలికి దూరింది. రెండిటికీ ఇంట్లకు తొవ్వ మీరే వెట్టిన్రు. ఇప్పుడు మందు పెడితే ఎలుక చస్తది, పాము చావదు.”

పాములు పట్టే నా దోస్తును పిలిపించాను. లోపలి బొక్క మీద బండ పెట్టి, బయట సిమెంటు పగలగొట్టించాను. రెండు జెర్బిల్‌లు ప్లాటులోకి గెంతుకుంటూ పారిపోయాయి. వాటి వెనకే నాగుపాము బుస్సుమని లేచింది. దోస్తు దాన్ని నేర్పుగా సంచిలో వేశాడు. తర్వాత గోడ వెంట కందకం తవ్వి, ఇనుప జాలీని అడుగున బయటికి వంచి దించాం. ఇదే ప్రూఫింగ్. తవ్వుకుంటూ వచ్చే జంతువు జాలీ తగలగానే ఆగిపోతుంది. లోపలి బొక్కను కాంక్రీటుతో నింపాం.

“ఇగ బేఫికర్‌గ ఉండమ్మా,” అన్నాను.

సునీత బిడ్డను దించలేదు. “నువ్వు జెప్పి పోతవన్నా. మేం గీడనే పండాలె గద.”

నిజమే కదా! గది మూలల్లో ముగ్గుపిండి చల్లాను. ఏది తిరిగినా అందులో జాడ పడుతుంది. ఆ పూటకు తల్లీబిడ్డలను సుబ్బారావు గారే తమ ఇంట్లో ఉంచుకున్నారు.

మర్నాడు పొద్దున గది తెరిచాం. పిండి చెదరలేదు. సునీత వంగి ఒక్కో మూలా తనే చూసింది. మెల్లగా బిడ్డను నేల మీదికి దించింది. ఆ పిల్ల ఆగుతుందా! నేరుగా మూలకు పాకి, పిండిలో రెండు అరచేతులూ చరిచింది. తల్లి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అంతవరకూ పని పూర్తయిందని చెప్పాల్సింది నేనే అనుకునేవాణ్ని. ఇప్పుడు ఎవరింట్లో పని చేసినా, ఆ ఇంటివాళ్ళు భయం లేకుండా నేల మీద కూర్చునేదాకా నా సామాను సర్దను.